అమెరికా ఇంటికి వినైల్ ప్లాంక్ ఫ్లోరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్‌లోనో, అట్లాంటాలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాల్లో తాళాలు చేతికొచ్చిన వారంలోనే మొదలయ్యే చర్చ ఒకటుంది: ఈ కార్పెట్ పీకించేసి ఏం వేయిద్దాం? చాలా సంభాషణలు లగ్జరీ వినైల్ ప్లాంక్ (ఎల్‌వీపీ) దగ్గరే తేలుతున్నాయి. షోరూములో అందరూ పైపొర ఎంత మందం అని అడుగుతారు. కానీ ఈ ఫ్లోరింగ్ పైనుంచి పాడవడం తక్కువ, కిందనుంచి పాడవడం ఎక్కువ. అందుకే ఈ జవాబుల్లో కొన్ని మరీ పొడుగ్గా ఉంటాయి, కొన్ని ఒక్క ముక్కలో అయిపోతాయి.

ఎల్‌వీపీ అంటే ఏమిటి? చూడ్డానికి అచ్చం చెక్కలాగే ఉంది కదా?

ఇందులో చెక్క లేదు. కిందనుంచి చూస్తే ముందు పలచటి ఫోమ్ ప్యాడ్ (చాలావాటికి ఫ్యాక్టరీలోనే అంటించి వస్తుంది), దాని మీద గట్టి పీవీసీ కోర్, కోర్ మీద చెక్క ఫొటో ముద్రించిన ఫిల్మ్, ఆ ఫొటోని కాపాడే పారదర్శకమైన వేర్ లేయర్, అన్నిటికీ పైన అతి పలచటి యురేథేన్ పూత. ఆ ఫొటో అరిగిపోతే హార్డ్‌వుడ్‌లా సానపట్టి మళ్లీ పాలిష్ చేయించడం కుదరదు. పలక మార్చాల్సిందే.

మరి లామినేట్‌కీ దీనికీ తేడా?

లామినేట్ కోర్ చెక్కపొడిని నొక్కి చేసిన బోర్డు. నీళ్లు లోపలికి దిగితే అంచులు ఉబ్బుతాయి, మళ్లీ మామూలుగా అవ్వవు. వినైల్ కోర్‌కి ఆ బాధ లేదు. గీతలు తట్టుకోవడంలో మాత్రం మంచి లామినేటే మేలు. ఈ మాట వినైల్ అమ్మేవాళ్లు చెప్పరు. ఏసీ3, ఏసీ4 అని కనిపించే అరుగుదల రేటింగులు లామినేట్‌కి సంబంధించినవి. వినైల్ గురించి మాట్లాడుతూ ఎవరైనా ఏసీ రేటింగ్ చెబితే వాళ్లకి సరుకు తెలియదని అర్థం.

షోరూమ్ బోర్డు మీద 20 మిల్ అని ఒకటి, 6.5 ఎంఎం అని ఒకటి ఉన్నాయి. ఏది చూడాలి?

రెండూ చూడాలి, కానీ రెండూ వేరు వేరు సంగతులు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్ కాదు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. 12 మిల్ అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు, 20 మిల్ అంటే సుమారు 0.5, 28 మిల్ అంటే సుమారు 0.7. ఇది వేర్ లేయర్ మందం.

ఎంఎంలో చెప్పేది పలక మొత్తం మందం. ఇందులో ఒక మెలిక ఉంది. ప్యాడ్ మందాన్ని కూడా చాలాచోట్ల ఇందులోనే కలిపేస్తారు. 6.5 ఎంఎం పలకలో 1.5 ఎంఎం ప్యాడే అయితే గట్టి భాగం 5 ఎంఎం. పక్కనే ఉన్న 6 ఎంఎం పలకకి 1 ఎంఎం ప్యాడ్ ఉంటే దానిదీ అదే 5. పెద్ద అంకె చూసి ఎక్కువ డబ్బు ఇచ్చినట్టవుతుంది. పలకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే లాకుని చెక్కేది కోర్‌లోనే కాబట్టి, "ప్యాడ్ తీసేస్తే ఎంత?" అని సూటిగా అడగండి. 4 ఎంఎం కోర్ మీద లాకులు సన్నగా వస్తాయి. నన్నడిగితే ఇంటికి 5 ఎంఎం కోర్‌కి తగ్గవద్దంటాను.

12 మిల్ సరిపోతుందా, 20 మిల్ కావాలా?

మనవాళ్లు చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే వదిలేస్తారు. వేర్ లేయర్‌ని అరగదీసేది బూట్ల కింద వచ్చే ఇసుక, మట్టి. అవి లోపలికి రాని ఇంట్లో బెడ్‌రూములకి 12 మిల్ చాలు. కుక్క ఉన్నా, గ్యారేజీలోంచి నేరుగా వంటింట్లోకి రాకపోకలున్నా, ఇల్లంతా ఒకే ఫ్లోర్ వేయిస్తున్నా 20 తీసుకోండి. 6 మిల్, 8 మిల్ సొంతింటికి వద్దు. 28, 30 మిల్ దుకాణాలకి, ఆఫీసులకి పనికొస్తాయి. ఇంట్లో ఆ డబ్బు నేల చదును చేయించడానికి పెడితే ఎక్కువ కలిసొస్తుంది.

ఇంకో మాట. వేర్ లేయర్ మందం అరుగుదలని ఆపుతుంది, గీతల్ని కాదు. సోఫాని ఈడిస్తే 30 మిల్ మీద కూడా గీత పడుతుంది. గీతల సంగతి పైనున్న పూత చూసుకుంటుంది. ఆ పూత నాణ్యతని బోర్డు మీద అంకెలో చెప్పరు. అందుకని శాంపిల్ పలక ఇంటికి తెచ్చుకుని తాళంచెవితో గీకి చూడండి. శాంపిల్ ఇచ్చేది అందుకే, మొహమాటపడక్కర్లేదు.

ఎస్‌పీసీ, డబ్ల్యూపీసీ అంటారు. ఏది మంచిది?

ఎస్‌పీసీ కోర్‌లో పీవీసీతో పాటు సున్నపురాతి పొడి ఎక్కువ పాళ్లలో ఉంటుంది. బరువైనది, గట్టిది, ఎండకి సాగడమూ, చలికి ముడుచుకోవడమూ తక్కువ. డబ్ల్యూపీసీ కోర్‌ని నురగలా ఉబ్బించి చేస్తారు. పాదాలకి మెత్తగా, చలికాలంలో కాస్త వెచ్చగా అనిపిస్తుంది. అయితే బరువైన బీరువా కాళ్ల కింద నొక్కులు పడేది దాని మీదే ఎక్కువ.

కింద సిమెంట్ స్లాబ్ ఉండి, ఎండ బాగా పడే టెక్సస్ లాంటి చోట ఎస్‌పీసీ వైపే నా మొగ్గు. మేడ మీద ప్లైవుడ్ నేల ఉన్న గదుల్లో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తిరిగే చోట డబ్ల్యూపీసీ హాయిగా ఉంటుంది. ఎస్‌పీసీకి ఒక లోపం ఉంది. రాతిపొడి ఎక్కువ కాబట్టి అది వంగదు, బిస్కెట్‌లాగా విరుగుతుంది. పెట్టె మూల నేలకి తగిలేలా కింద పడేస్తే అంచుల్లోని లాకులు పలుకులు పలుకులుగా ఊడిపోతాయి. డెలివరీ వచ్చిన రోజే పెట్టెల మూలలు చూసుకోండి.

మా ఫ్రెండ్ ఇంట్లో రెండేళ్లకే జాయింట్లు విడిపోయాయి. బ్రాండ్ మంచిదే. ఎందుకలా?

అన్ని ప్రశ్నల్లోకీ ఇదే పెద్దది.

ఈ పలకల్ని ఎక్కువగా నేలకి అంటించరు. ఒకదాంట్లో ఒకటి బిగించి, ఊరికే నేల మీద పరుస్తారు. దాన్నే ఫ్లోటింగ్ అంటారు. కింద గుంట ఉంటే పలక ఆ గుంట మీద గాలిలో నిలబడుతుంది. మీరు అడుగేసిన ప్రతిసారీ అది వంగి లేస్తుంది. ఆ కదలికంతా మోసేది మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో మందం ఉండే లాకు. రోజుకి వందసార్లు వంగితే కొన్నాళ్లకి పుటుక్కుమంటుంది. ముందు టిక్కు టిక్కుమని చప్పుడు, తర్వాత సన్నని సందు, ఆ సందులో మురికి చేరి నల్లటి గీత, చివరికి ఒక పలక అంచు పైకి లేచి కాలికి తగులుతుంది. ఆ చప్పుడు వినిపించిన మొదటి నెలలోనే కాంట్రాక్టర్‌ని పిలవాలి. "సెట్ అవుతుందిలే" అంటే నమ్మకండి, లాకులు సెట్ అవ్వవు.

కంపెనీలు సాధారణంగా అడిగేది పది అడుగుల్లో 3/16 అంగుళం, లేదా ఆరడుగుల్లో 1/8 అంగుళం మించి ఎగుడుదిగుడు ఉండకూడదని. ఇది మట్టం గురించి కాదు, చదును గురించి. గది ఒక వైపుకి కొంచెం వాలి ఉన్నా ఫర్వాలేదు. మధ్యలో గుంటలు, గుట్టలు ఉండకూడదు.

మీరే చూసుకోవచ్చు. కార్పెట్ తీసేశాక వంకర లేని ఆరడుగుల అల్యూమినియం పట్టీ నేల మీద ఆనించండి. రెండు క్వార్టర్ నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టీ కిందకి తోయండి. క్వార్టర్ మందం 1.75 ఎంఎం, రెండూ కలిపి 3.5. అవి సులువుగా దూరిపోతే అక్కడ గుంట ఉన్నట్టే. చాక్‌పీసుతో చుట్టూ గీయండి. హాలు, వంటిల్లు, నడవా మొత్తం ఇలా తిరిగితే అరగంట కూడా పట్టదు. కానీ ఆ చాక్ గీతలు చూశాక కాంట్రాక్టర్ మాట తీరే మారుతుంది. గుంటల్ని లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపుతారు, గుట్టల్ని గ్రైండర్‌తో అరగదీస్తారు. ఈ పనికి విడిగా డబ్బు అడుగుతారు, ఇవ్వండి. ఇల్లంతా వేసే ఫ్లోర్‌లో ఇంతకన్నా సార్థకమైన ఖర్చు ఇంకోటి లేదు.

ఇదే ప్రశ్నకి ఇంకో కారణం ప్యాడ్ మీద ప్యాడ్. పలకకే ప్యాడ్ అంటించి వచ్చినప్పుడు కింద ఇంకో మెత్తటి షీటు వేయిస్తే మరింత మెత్తగా ఉంటుందని అమ్ముతారు. మెత్తదనం పెరిగితే లాకు వంగడమూ పెరుగుతుంది. చాలా కంపెనీలు దీన్ని ఒప్పుకోవు, వారంటీ కూడా పోతుంది.

మూడో కారణం అంచుల్లో జాగా వదలకపోవడం. వినైల్ వేడికి సాగుతుంది కాబట్టి గోడ చుట్టూ కనీసం పావు అంగుళం ఖాళీ ఉండాలి, కొన్ని కంపెనీలు 3/8 అడుగుతాయి. ఆ ఖాళీని గోడ అడుగున కొట్టే పట్టీ (బేస్‌బోర్డో, క్వార్టర్ రౌండో) కప్పేస్తుంది. డోర్ స్టాపర్ స్క్రూ ఒక్కటి పలకలోంచి కిందకి దిగగొట్టినా, కదలాల్సిన ఫ్లోర్‌కి అక్కడ మేకు వేసినట్టే.

వాటర్‌ప్రూఫ్ అని పెట్టె మీద ఉంది. ఇంక చెమ్మ టెన్షన్ అక్కర్లేదా?

పలక వాటర్‌ప్రూఫ్. మీ ఇల్లు కాదు.

పైన పడ్డ నీళ్లు తుడిచేస్తే ఏమీ కాదు. డిష్‌వాషర్ పైపు రాత్రంతా కారితే నీళ్లు అంచుల్లోంచి కిందకి దిగుతాయి. పైన అంతా బాగానే కనిపిస్తుంది. పలకలు ఊపిరాడనివ్వవు కాబట్టి కింద తడి ఆరదు, కొన్నాళ్లకి బూజు వాసన మొదలవుతుంది. అలాంటప్పుడు పలకలు విప్పి, కింద ఆరబెట్టి, మళ్లీ వేయించాలి.

స్లాబ్ కొత్తదైనా చెమ్మ పరీక్ష అడగండి. సిమెంట్‌లోకి రంధ్రం చేసి లోపలి తేమ కొలిచే పద్ధతి పేరు ఏఎస్‌టీఎం ఎఫ్2170. ఎంతవరకు ఒప్పుకుంటారో ఆ బ్రాండ్ కాగితంలోనే రాసి ఉంటుంది. చాలా కంపెనీలు స్లాబ్ మీద 6 మిల్ ప్లాస్టిక్ షీటు పరవమంటాయి. ఈ షీటుకీ పైన చెప్పిన రెండో ప్యాడ్‌కీ సంబంధం లేదు, ఇది పలచటి చెమ్మ అడ్డు మాత్రమే.

బేస్‌మెంట్‌లో వేయొచ్చా?

వేయొచ్చు. న్యూజెర్సీ, వర్జీనియా, ఒహాయో ఇళ్ల బేస్‌మెంట్లకి కార్పెట్ కన్నా ఇదే నయం. ముందు సంప్ పంప్ (బేస్‌మెంట్‌లో చేరే నీళ్లని బయటికి తోడేది) పనిచేస్తోందా, గోడల అడుగున తెల్లటి ఉప్పు చారలు ఉన్నాయా చూడండి. చారలుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. దాని సంగతి తేల్చాకే ఫ్లోరింగ్.

పాత ఇల్లు కొన్నాం. పాత ఫ్లోర్ మీదే వేసేయొచ్చా?

గట్టిగా అతుక్కుని ఉన్న టైల్స్ మీద వేయొచ్చు. టైల్స్ మధ్య సందులు వెడల్పుగా ఉంటే ముందు నింపాలి. కార్పెట్ మీద ఎప్పుడూ వేయకూడదు.

1980కి ముందు కట్టిన ఇల్లయి, పాత కార్పెట్ కింద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు కనిపిస్తే చేయి పెట్టకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పగలగొట్టినా, గీకినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఉందని తేలితే లైసెన్స్ ఉన్నవాళ్లని పిలవాలి. పలకలు చెక్కుచెదరకుండా ఉంటే కదపకుండా వాటిమీదే కొత్త ఫ్లోర్ వేయడం కూడా ఒక మార్గం. వీకెండ్‌లో నలుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి మనమే పీకేద్దాం అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

వంటింట్లో? మా ఇంట్లో కుక్కర్, గ్రైండర్, పసుపు అన్నీ ఉంటాయి.

పసుపు వెంటనే తుడిస్తే పోతుంది. రాత్రంతా వదిలేస్తే, లేత రంగు పలక మీద పచ్చని నీడ మిగలొచ్చు. నిండు కుక్కర్ అంచు తగిలేలా పడితే ఏ వినైల్ అయినా నొక్కుపోతుంది, ఎస్‌పీసీ అయితే పెచ్చు కూడా లేవొచ్చు. టైల్ అయినా పగిలేదే కదా. పొయ్యి మీంచి దించిన వేడి మూకుడు మాత్రం క్షణం కూడా నేల మీద పెట్టకండి.

ఐలాండ్, క్యాబినెట్లు ముందు బిగించి, వాటి చుట్టూ ఫ్లోర్ వేయించాలి. ఫ్లోర్ మీద ఐలాండ్ పెట్టి స్క్రూలు దిగగొడితే పలకలు ఇరుక్కుపోయి ఇంకోచోట పైకి లేస్తాయి. ఫ్రిజ్‌ని ఫ్లోర్ మీద పెట్టొచ్చు, కానీ జరిపేటప్పుడు కింద ప్లైవుడ్ ముక్క వేసి దానిమీంచి జరపండి.

పూజ గది, గృహప్రవేశం, హోమం?

కాంట్రాక్టర్‌కి ఈ ప్రశ్న అర్థం కాదు కాబట్టి ఇక్కడే చెప్పుకుందాం. వినైల్ ప్లాస్టిక్. హారతి పళ్లెంలోంచి వెలుగుతున్న కర్పూరం బిళ్ల జారి పడితే, ఆర్పేలోపే గోధుమరంగు అంచుతో నల్లటి గుంట పడుతుంది. ఆ పలక మార్చడం తప్ప మందు లేదు. అగరొత్తి నుసి ఏమీ చేయదు, నిప్పుతో ఉన్న ముక్క మాత్రం చుక్క పెడుతుంది. పూజ గది చిన్నదే కాబట్టి అక్కడ గ్రానైటో, టైలో వేయించి తక్కిన ఇంటికి వినైల్ వేయించడం తెలివైన పని. గది వేరుగా లేకపోతే దీపాల కింద పెద్ద ఇత్తడి పళ్లెమో, రాతి పలకో పెట్టండి.

హోమానికి ఇటుకలు నాలుగు పేర్చి కుండం పెట్టడం సరిపోదు. వేడి ఇటుకల గుండా దిగుతుంది. గ్యారేజీలోనో, పాటియోలోనో చేసుకోవడం మంచిది. పొయ్యి మీద పాలు పొంగించడానికి ఏ అభ్యంతరమూ లేదు, కింద పడ్డ పాలు తుడిస్తే చాలు. సత్యనారాయణ వ్రతానికి పీటలు ఈడ్చకుండా ఎత్తి పెట్టమని చెప్పండి, లేదా కింద దుప్పటి పరవండి. గుమ్మంలో ముగ్గు పొడి బియ్యప్పిండిదైతే ఇబ్బంది లేదు. రాతి ముగ్గు కాళ్లకి అంటుకుని లోపలికొస్తే సన్నటి ఇసుక చేసే పనే చేస్తుంది.

వేసవిలో నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. ఏసీ ఆపేసి వెళ్లొచ్చా?

వద్దు. వినైల్ వేడికి సాగుతుంది. ఇల్లు ఏ ఉష్ణోగ్రతల మధ్య ఉండాలో కంపెనీ కాగితంలో ఉంటుంది. చాలావాటిలో పై హద్దు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లో ఉంటుంది, కొన్ని ఎస్‌పీసీలకి ఇంకాస్త ఎక్కువ. జులైలో డాలస్‌లో తలుపులన్నీ మూసి ఏసీ ఆపేస్తే రెండు రోజుల్లో అది దాటిపోతుంది. కరెంటు బిల్లు ఆదా చేద్దామని ఆపేసి, తిరిగొచ్చేసరికి హాలు మధ్యలో పలకలు గుడారంలాగా పైకి లేచి ఉన్న ఇళ్లున్నాయి. 82 మీద పెట్టి వెళ్లండి.

పడమటి వైపు పెద్ద గాజు తలుపుంటే అక్కడ ఎండ నేరుగా పడే పలకలు ఇంకా వేడెక్కుతాయి. మధ్యాహ్నాలు కర్టెన్ వేయండి. రంగు వెలిసిపోవడమూ తగ్గుతుంది.

రోజూ తడిబట్ట పెట్టొచ్చా?

గట్టిగా పిండిన బట్ట పెట్టొచ్చు. బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురుతో తోయడం కుదరదు. అమ్మావాళ్లు వచ్చినప్పుడు ఈ మాట మొదటి రోజే సున్నితంగా చెప్పండి. స్టీమ్ మాప్ వాడకండి, బ్లీచ్ వద్దు, మెరుపు కోసం మైనం పూతలు వద్దు.

రబ్బరు అడుగున్న మ్యాట్లు మాత్రం అసలు వద్దు. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి పచ్చటి మరక చేస్తాయి. సింకు ముందు ఏడాదిపాటు పడి ఉన్న మ్యాట్ తీసి చూస్తే దాని ఆకారంలోనే పసుపు చదరం కనిపిస్తుంది. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. ట్రెడ్‌మిల్ రబ్బరు కాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ కుర్చీ?

గట్టి ప్లాస్టిక్ చక్రాలుంటే మార్చేయండి, మెత్తటి చక్రాలు దొరుకుతాయి. కుర్చీ కింద వినైల్‌కి సరిపడేదని రాసి ఉన్న మ్యాట్ వేయండి. రోజంతా ఒకే రెండడుగుల మేర కుర్చీ అటూ ఇటూ తిరుగుతుంటే ఇంట్లో మొదట విరిగే లాకులు అక్కడివే.

మేడ మీద, మెట్ల మీద?

మేడ మీద వేయొచ్చు, కానీ అడుగుల చప్పుడు కార్పెట్ కన్నా బాగా వినిపిస్తుంది. కాండో అయితే వేసే ముందు అసోసియేషన్ నియమాలు చదవండి, చప్పుడు రేటింగ్ అడుగుతారు. మెట్లకి పలకల్ని తప్పనిసరిగా అంటించాలి, అంచుకి స్టెయిర్ నోస్ ముక్క విడిగా కొనాలి. కొటేషన్‌లో ఎక్కువగా దాగుండే ఖర్చు ఈ ముక్కలదే. పెద్దవాళ్లున్న ఇంట్లో మెట్లకి కార్పెట్టే ఉంచేయమంటాను.

వాసన, ఆరోగ్యం సంగతి?

పెట్టె మీద ఫ్లోర్‌స్కోర్ గానీ గ్రీన్‌గార్డ్ గోల్డ్ గానీ గుర్తు చూడండి. ఇంట్లో గాలిలోకి వదిలే రసాయనాలు హద్దులో ఉన్నాయని ఇవి చెబుతాయి. పాత వినైల్‌ని మెత్తగా ఉంచడానికి వాడిన థాలేట్ల మీద అభ్యంతరాలు రావడంతో హోమ్ డిపో 2015 చివరికల్లా వాటిని తన వినైల్ ఫ్లోరింగ్‌లోంచి తీసేయిస్తామని ప్రకటించింది. అదే ఏడాది టీవీలో పెద్ద గొడవైన ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు కథ వినైల్‌ది కాదు, చైనాలో తయారైన లామినేట్‌ది. రెండూ కలిపేసి భయపడేవాళ్లు చాలామంది. అయినా గర్భిణులు, పసిపిల్లలు ఉంటే వేయించిన తర్వాత కొన్నాళ్లు కిటికీలు తీసి ఉంచడం మంచిదే.

లైఫ్‌టైమ్ వారంటీ అంటున్నారు. నిజమేనా?

కాగితం చదివితే సగం గాలి తీసినట్టవుతుంది. సాధారణంగా అది వేర్ లేయర్ పూర్తిగా అరిగిపోయి ఫొటో పోవడం గురించి. గీతలు, నొక్కులు, ఎండకి వెలిసిపోవడం, నేల చదునుగా లేక లాకులు విరగడం చాలావాటిలో ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గే లెక్క కూడా ఉంటుంది. పైగా నేల సరిగా ఉందని, చెమ్మ పరీక్ష చేశారని రుజువు మీరే చూపాలి. కాబట్టి పని జరిగేటప్పుడు చాక్ గీతల, లెవెలింగ్ చేసిన నేల ఫొటోలు, బిల్లులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అమ్మిన కంపెనీ ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న: దేశమంతా దుకాణాలున్న ఎల్‌ఎల్ ఫ్లోరింగే 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది.

బిల్డర్ డిజైన్ సెంటర్లోనే తీసుకోవాలా, క్లోజింగ్ అయ్యాక బయట వేయించుకోవాలా?

బిల్డర్ దగ్గర ధర ఎక్కువ, రకాలు తక్కువ. కానీ లోన్‌లో కలిసిపోతుంది, ఇంట్లోకి దిగేసరికి పని అయిపోయి ఉంటుంది, ఏదైనా తేడా వస్తే మొదటి ఏడాది అతనే చూసుకోవాలి. బయట వేయిస్తే డబ్బు మిగులుతుంది, నేల చదును మీ కళ్లముందే చేయించుకోవచ్చు. బిల్డర్ దగ్గర వేర్ లేయర్ మిల్ ఎంతో రాతపూర్వకంగా అడగండి. "అప్‌గ్రేడ్ లెవెల్ 2" అనేది సమాధానం కాదు.

ధర ఎంత? ఎన్ని పెట్టెలు కొనాలి?

నికార్సైన సరుకు చదరపు అడుగుకి రెండు నుంచి ఐదు డాలర్ల మధ్య దొరుకుతుంది. కూలీ, పాతది తీయడం, లెవెలింగ్, బేస్‌బోర్డు విడి. ఒకే ఫ్యాక్టరీ సరుకు వేర్వేరు దుకాణాల్లో వేర్వేరు పేర్లతో వస్తుంది. లైఫ్‌ప్రూఫ్ హోమ్ డిపోలోనే, స్మార్ట్‌కోర్ లోవ్స్‌లోనే కనిపించడం అందుకే. పేర్లు పక్కన పెట్టి కోర్ మందం, మిల్, ప్యాడ్ పోల్చండి.

12 అడుగులకి 15 అడుగుల గది 180 చదరపు అడుగులు. తరుగు పది శాతం కలిపితే 198. పెట్టెకి 23.6 చదరపు అడుగులు వస్తే తొమ్మిది పెట్టెలు. అన్ని పెట్టెల మీదా ఒకే లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) ఉందో లేదో చూసుకోండి. ఇల్లంతటికీ కలిపి ఒక పెట్టె అదనంగా కొని అటక మీద కాకుండా ఇంటి లోపల క్లోజెట్‌లో చదునుగా దాచండి. అటక వేడికి పలకలు వంగుతాయి.

రంగు ఎలా ఎంచుకోవాలి?

మీ ఇష్టం. మరీ ముదురు రంగు మీద దుమ్ము, పాదాల జాడలు కనిపిస్తాయి. మరీ లేత రంగు మీద నల్ల వెంట్రుకలు. ఒకే ఫొటో ఎన్ని పలకలకి ఒకసారి తిరిగొస్తుందో మాత్రం అడగండి. నాలుగు ఫొటోలే ఉంటే అదే ముడి, అదే గీత హాలంతా కనిపించి ప్లాస్టిక్ అని చెప్పేస్తుంది. వేసేవాళ్లని మూడు నాలుగు పెట్టెల పలకలు కలిపి వాడమనండి.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి కూడా ఇది వేయొచ్చా?

వేయొచ్చు, ఎస్‌పీసీ పేరుతో దొరుకుతోంది. చెదలు పట్టవు, పాత విట్రిఫైడ్ టైల్స్ పగలగొట్టకుండా పైనే వేయొచ్చు. అక్కడ "వినైల్ ఫ్లోరింగ్" అని అడిగితే చుట్టగా వచ్చే పలచటి షీటు కూడా చూపిస్తారు, అది వేరే సరుకు. పరిచాక నేల పలక మందం మేర పెరుగుతుంది కాబట్టి తలుపుల అడుగు కోయాల్సి రావొచ్చు. బెడ్‌రూములకి బాగుంటుంది. రోజూ నీళ్లతో కడిగే వంటింటికి, వాన పడే బాల్కనీకి వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని పడమటి గదికి కూడా వద్దనే అంటాను; అక్కడ టైల్సే చల్లగా, నిశ్చింతగా ఉంటాయి.

ఒక్క పలక పాడైతే మొత్తం పీకాలా?

అక్కర్లేదు. గోడ దగ్గరిదైతే బేస్‌బోర్డు తీసి అక్కడివరకు పలకలు విప్పి మార్చి మళ్లీ బిగిస్తారు. గది మధ్యలోదైతే దాన్ని కోసి తీసి, కొత్త పలక లాకుల అడుగు అంచు చెక్కేసి, జిగురుతో కూర్చోబెడతారు. చేయి తిరిగినవాడైతే గంట పని. దాచిన పెట్టె అక్కరకొచ్చేది ఇక్కడే, ఎందుకంటే నాలుగేళ్ల తర్వాత అదే రంగు దుకాణంలో దొరకడం చాలా అరుదు.